టెంక లేని ముక్క

నా చిన్నప్పుడు మామిడికాయలు కోసే కత్తిపీట పక్కన కూర్చుని నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. పెద్దయ్యాక ఈ మాట కాలేజీలో తోటి లెక్చరర్లకు చెబితే పడీ పడీ నవ్వారు. నేను హాస్యానికి చెప్పలేదు. అయినా నవ్వుతున్నవాళ్ళను ఆపలేదు. నా పాఠాలు విని ఎవరూ అంత సంతోషించిన గుర్తు లేదు మరి.

మాది చిత్తూరు. మా ఇల్లూ, అమ్మ పుట్టిల్లూ ఒకే వీధిలో ఉండేవి. నేను పేరుకు మా ఇంటి పిల్లనే గాని, బడి వదిలిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా తాత ఇంట్లోనే ఉండేదాన్ని. తాత మీద ప్రేమతో అని తాత అనుకునేవాడు. అవ్వ చేతి వంట కోసం అని అవ్వ అనుకునేది. ఇద్దరినీ అలాగే అనుకోనిచ్చాను. నేను వెళ్ళేది మా చిన్నమ్మ కోసం.

చిన్నమ్మ అమ్మకు ఆఖరి చెల్లెలు. అప్పటికి కాలేజీ చదువు ముగించి, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటోంది. కోర్టులున్న ఊరు కాబట్టి మా ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్లు టీ అంగళ్ళతో పోటీ పడేవి. తాత కూడా కోర్టులో గుమాస్తానే. చిన్నమ్మ ఏం చేస్తే నేనూ అది చేసేదాన్ని. ఆమె జడను ఎడమ భుజం మీంచి ముందుకు వేసుకునేది. నా జడ అంత దూరం వచ్చేది కాదు. అయినా లాగి చూసేదాన్ని.

షార్ట్‌హ్యాండ్ అంటే, ఒకరు చదువుతూ పోతుంటే వినేవాళ్ళు ఆ మాటల్ని కొక్కేలు, గీతలుగా అంతే వేగంతో రాసుకుంటూ పోవాలి. దానికి పరీక్ష ఉంటుంది. పాసయితే చిన్నమ్మకు ఉద్యోగం, తప్పితే అవ్వ వంటిల్లు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, వంటింటికి కూడా తెలుసు. అందుకని రోజూ సాయంత్రం ఎవరో ఒకరు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, గడియారం చూసుకుంటూ, ఒక ఇంగ్లీషు ఉత్తరాన్ని పైకి చదవాలి. తాతను అడిగితే, "పొద్దన్నుంచి కోర్టులో విని విని సెవులు దిబ్బెళ్ళు పడినాయి, ఇంటికాడ గూడా ఇంగ్లీషేనా" అన్నాడు. ఆ విధంగా ఆ ఉద్యోగం నాకొచ్చింది. ఉద్యోగంతోపాటు తాత చేతిగడియారం కూడా. దాన్ని మణికట్టుకు కడితే జారి మోచేతి దగ్గర ఆగేది. మోచెయ్యి ఎత్తి టైము చూసుకునేదాన్ని. ఆ వీధిలో గడియారం కట్టిన ఆడపిల్లను నేనొక్కదాన్నే.

నిజానికి నేను చదివేదాన్ని అనడం కంటే అప్పజెప్పేదాన్ని అనడం న్యాయం. తెలుగు బడిలో ఇంగ్లీషు అప్పుడప్పుడే అంటుకుంటోంది. చిన్న మాటలు వచ్చు. ఉత్తరాల్లో సగం విని విని కంఠతా వచ్చేసింది. పొడుగు మాట వచ్చినప్పుడు మాత్రం గొంతు ఆగిపోయేది. తెలుగులో ఏ అక్షరాన్ని చూసినా అది తన అచ్చును వెంటబెట్టుకునే వస్తుంది, నోరు తెరిస్తే పలుకుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. ఒక్కోచోట నాలుగైదు హల్లులు నోరు మూసుకుని ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. అలాంటి మాట కనబడితే నాకు రైల్వే గేటు దగ్గర గూడ్సుబండి కనబడ్డట్టే. దాటడానికి లేదు, ఎప్పటికి ముగుస్తుందో తెలియదు. నేను ఆగితే చిన్నమ్మ తానే ఆ మాట పైకి అనుకుని, తానే రాసుకుని, "ఊఁ, తరవాత" అనేది. అంటే నా డిక్టేషన్‌లో కష్టమైన భాగమంతా ఆమెదే. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉందని నేను అనుకునేదాన్ని.

ఆ వేసవి సెలవుల్లో మా మామ కూతురు బెంగుళూరు నుంచి వచ్చింది.

నా ఈడుదే. కాన్వెంటులో చదువుతోంది. ఇంట్లో కూడా సాక్సు వేసుకునేది. పెరుగన్నం చెంచాతో తినేది. నాకు చిన్నమ్మ అయిన మనిషి ఆ పిల్లకు అత్త అవుతుంది. నా లెక్కలో చిన్నమ్మ అంటే సగం అమ్మ. అత్త అంటే పెళ్ళిళ్ళలో కనబడే చుట్టం. ఈ లెక్క ఆ పిల్లకు తెలిసినట్టు లేదు. వచ్చిన రోజే చిన్నమ్మ ఒడిలో తల పెట్టి పడుకుంది.

సాయంత్రం నేను స్టూలెక్కి ఉత్తరం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో మామూలుగా ఆగే చోట ఆగాను. ఆ పిల్ల నా భుజం మీంచి తొంగిచూసి, ఆ మాట చదివేసింది. ఆ తరవాతి మాట కూడా. అక్కడితో ఆగుతుందేమోనని చూశాను. ఉత్తరం చివర సంతకం చేసినాయన హోదా దాకా చదివి గాని ఆగలేదు. కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చినట్టు వచ్చింది. మా వీధి కొళాయి కాదు, బెంగుళూరు కొళాయి.

చిన్నమ్మ పెన్సిల్ మొదటిసారి ఎక్కడా ఆగకుండా పేజీ చివరికి వెళ్ళింది. ఆమె తల ఎత్తినప్పుడు ముఖం వెలిగిపోతోంది. నా డిక్టేషన్‌కు ఎన్నడూ అలా వెలగలేదు.

"ఎంత బాగా చదివినావు బంగారూ!" అంది. తరవాత నా వైపు తిరిగి మెత్తగా, "పాపా, పరీక్ష దగ్గరికొచ్చేసింది గదా. ఈ నాలుగు రోజులు దాన్నే చదవనీ" అంది.

నేను సరేనన్నాను. గడియారం విప్పి ఇచ్చాను. ఆ పిల్ల చేతికి కూడా అది మోచేతిదాకా జారింది. మా ఇద్దరి మధ్య సమానంగా ఉన్న సంగతి అదొక్కటే.

ఆ రోజు నుంచి నాకు కొత్త పని ఒకటి దొరికింది. కుళ్ళుకోవడం. చేసే పని ఏదైనా శ్రద్ధగా చేయాలని మా నాయన అనేవాడు, ఈ పని శ్రద్ధగా చేశాను. ఆ పిల్ల చదువుతుంటే తలుపు పక్కన నిలబడి, ఎక్కడైనా తడబడుతుందేమోనని వినేదాన్ని. తడబడేది కాదు. దగ్గు వచ్చినా వాక్యం ముగిశాకే దగ్గేది. చిన్నమ్మ ఆమెకు జడ వేసేది, అదీ ఎడమ భుజం మీదికి. ఆ పిల్ల జడ అక్కడిదాకా హాయిగా వచ్చేది. రాత్రి నాకు అన్నం సయించకపోతే అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది. జ్వరమేమీ లేదంది. అమ్మ చేతికి తెలిసే రకం జ్వరం కాదది.

అలా ఉండగా ఊరగాయ రోజు వచ్చింది.

మా వైపు తోతాపురి మామిడిని బెంగుళూర కాయ అంటారు. పొడుగ్గా, ముక్కు తిరిగి, చూడ్డానికి బాగుంటుంది. తాత సంతలో మోసపోయి బుట్టెడు అవే తెచ్చాడు. అవ్వ ఒక కాయ కొరికి చూసి ఉమ్మేసింది. "ఈ బెంగుళూర కాయ ఊరగాయకు యాడ పనికొస్తాది? పైకి సూడ్డానికే గాని లోపల పులుపే ల్యా. నాటుకాయ తీసుకురాపోండి" అని బుట్ట వెనక్కి పంపింది. అవ్వ తన జీవితంలో ఎన్నో మంచి మాటలు చెప్పింది. నాకు అంతగా నచ్చింది మాత్రం ఇదే.

నాటుకాయలు వచ్చాయి. చిన్నమ్మ తొడిమ దగ్గరి ముచ్చికలు తీసి, సొన కడిగి, తుడిచి అందిస్తే, అవ్వ కత్తిపీట మీద కాలు వేసి కూర్చుని, టెంకతో సహా ఫట్ ఫట్‌మని కోస్తోంది. ముక్కల్లోంచి లోపలి జీడిని తీసేసి, టెంకకు అంటుకున్న పలచని పొరను గుడ్డతో తుడిచి గంపలో వేయడం నా పని. బెంగుళూరు పిల్లకు పనేమీ లేదు. సొన తగిలితే చేతులు పొక్కుతాయని అవ్వే వద్దంది. నా చేతులకు ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ఆ పిల్ల వసారాలో స్టూలు మీద కూర్చుని, గడియారం కట్టుకుని, ఉత్తరాలు పైకి చదువుతోంది. చిన్నమ్మ కాయలు తుడుస్తూనే వింటూ, తడి చేతివేలితో బండ మీద కొక్కేలు గీసుకుంటోంది.

నేను ముక్క తీసుకోవడం, ఒక పొడుగు మాట వినడం, జీడి పీకడం. ఇంకో ముక్క, ఇంకో పొడుగు మాట, ఇంకో పీకుడు. నా వేళ్ళలో అంత బలం ఉందని నాకు అంతవరకు తెలియదు. ఆ పిల్ల ఉత్తరం మీద ఉత్తరం చదువుతూ పోయింది. నేను గంప నింపుతూ పోయాను.

అవ్వ వెనక్కి తిరిగి గంపలో చెయ్యి పెట్టింది. ఒక ముక్క తీసి చూసింది. ఇంకోటి తీసింది. తరవాత గంప మొత్తం నేల మీద కుమ్మరించింది.

"ఒసే! ఏం పని చేసి పెట్టినావే! టెంకలన్నీ యాడికి పోయినాయి?"

"నువ్వే గదా అవ్వా తీయమన్నావు."

"జీడి తీయమన్నాను. టెంక పీకమన్నానా? ఇంత వయసు వచ్చినాది, జీడేదో టెంకేదో తెలీదా? సూడు ఈ ముక్కల్ని, చర్మం వలిసిన కప్పలు మాదిరి! టెంక లేని ముక్క మూన్నాళ్ళకే గుజ్జయిపోతాది. ముక్కకొక టెంక ఉండాల. అది పట్టుకోనుంటేనే ఏడాదంతా గట్టిగా నిలబడేది."

వసారాలో చదువు ఆగిపోయింది. ఆ పిల్ల వింటోందని తెలిసి నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పుకుని, ముక్కు తుడుచుకున్నాను. సొన చేతులతో తుడుచుకున్నాను కాబట్టి ముక్కు కూడా మండింది.

చిన్నమ్మ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కాసేపు ఆ టెంకల్లేని ముక్కల వైపూ, వసారా వైపూ, నా వైపూ చూసింది. తరవాత నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, నా ముఖం కడిగింది. పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుముక్కతో బట్టలుతికే బండ మీద ఒక మాట రాసింది. నేను రోజూ ఆగిపోయే మాటే. అడ్మినిస్ట్రేషన్.

"దీన్ని కొయ్యి" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఊరగాయకు కాయను కోసినట్టు కొయ్యి. ఎక్కడెక్కడ కత్తి పడాలో గీతలు పెట్టు."

నేను తోచినచోటల్లా గీతలు పెట్టాను. మూడేసి అక్షరాలకు ఒక గీత. మాట మధ్యలో ఎస్, టీ, ఆర్ మూడూ కలిసి ఒక ముక్కగా మిగిలాయి. చిన్నమ్మ దాని మీద వేలు పెట్టింది.

"ఈ ముక్కను పలుకు."

పలకబోయాను. పాము బుసలాంటి చప్పుడు వచ్చింది.

"రాదు. ఎందుకు రాదో చూడు. ఇందులో టెంక యాడ ఉండాది? ఇంగ్లీషులో ఏ, ఈ, ఐ, ఓ, యూ ఉండాయే, అవి టెంకలు. ముక్కకొక టెంక ఉండాల. అది లేకుండా కోసినావంటే ముక్క నోట్లో గుజ్జయిపోతాది. అవ్వ చెప్పింది నీకు ఊరగాయకే అనుకున్నావా?"

నేను గీతలు చెరిపేసి, ముందు టెంకలెక్కడున్నాయో వెతికాను. ఒక్కో దాని కింద చుక్క పెట్టాను. తరవాత నెమ్మదిగా కోశాను. అడ్. మి. ని. స్ట్రే. షన్. ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టేసిన గూడ్సుబండి పెట్టెలు పెట్టెలుగా విడిపోయి బండ మీద పడి ఉంది. ఒక్కో పెట్టె నేను ఎత్తగలిగినంతే ఉంది. మళ్ళీ కలిపి చదివాను. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట బెంగుళూరు నుంచి వచ్చినట్టే వినిపించింది.

మరునాడు పెరట్లో ఇంకో సంగతి చెప్పింది. కాయ కోసే ముందు ముచ్చిక తీస్తాం కదా. ఏ కాయకైనా ముచ్చిక ఒక్క తీరుగానే ఉంటుంది, ప్రతిసారీ కొత్తగా చూడక్కర్లేదు. పొడుగు మాటలకు కూడా అలాంటి ముచ్చికలుంటాయి. అన్, డిస్, మిస్, ఇంటర్. వెనక తోకలుంటాయి. షన్, మెంట్, ఏబుల్. "ముందు ముచ్చిక తీసెయ్యి. తరవాత తోక కొట్టెయ్యి. మధ్యలో మిగిలేది చాలాసార్లు నీకు తెలిసిన చిన్న మాటే అయ్యుంటాది" అంది. ఒక్కోచోట రెండు టెంకలు పక్కపక్కనే అంటుకుని ఒకటిగా నిలుస్తాయనీ, మాట చివర వచ్చే 'ఈ' అనే అక్షరం చాలావరకు పుచ్చు టెంక, దానికి ముక్క రాదనీ చెప్పింది. చెప్పని మినహాయింపులు బోలెడున్నాయని తరవాత తెలిసింది. ఇంగ్లీషువాళ్ళు ఊరగాయ పెట్టే జాతి కాదు కాబట్టి సరిపెట్టుకున్నాను.

అప్పటినుంచి కనబడిన మాటనల్లా కోశాను. సబ్బు పెట్టె మీద మాటలు కోశాను. బస్సు వెనక ఎమర్జెన్సీ కోశాను. మా వీధి చివర హోమియోపతి డిస్పెన్సరీ బోర్డు ముందు నిలబడి కోస్తుంటే, డాక్టరు బయటికొచ్చి, "ఏమ్మా, జ్వరమా?" అని అడిగాడు. ఇదంతా జ్ఞానదాహం అనుకోవద్దు. నాకు కావలసింది గడియారం. గడియారం కంటే, చిన్నమ్మ ఎదురుగా ఉన్న ఆ స్టూలు.

పరీక్షకు ముందు ఒక సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మాస్టరు ఇచ్చిన కొత్త పాఠంతో చిన్నమ్మ ఇంటికి వచ్చింది. ఎవరూ ముందు చదవని పాఠం. అసలు పరీక్షలో ఎలా ఉంటుందో అలాగే చేయాలని తాతను కూడా కూర్చోబెట్టారు. బెంగుళూరు పిల్ల స్టూలెక్కింది, మోచెయ్యి ఎత్తి టైము చూసింది, మొదలుపెట్టింది. నేను మామూలుగా తలుపు పక్కన నా చోట్లో నిలబడ్డాను.

సగం దాకా ఎప్పటిలాగే కొళాయి పారింది. ఆ తరవాత ఆగిపోయింది.

నా చెవుల్ని నేను నమ్మలేదు. తొంగిచూస్తే ఆ పిల్ల కాగితం వైపు చూస్తూ ఉంది, పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అప్పుడు నాకొకటి అర్థమైంది. ఆ పిల్లకు తెలిసిన మాటలు చాలా ఎక్కువ, అంతే. తెలిసిన మాటను ముఖం చూసి గుర్తుపట్టి పలికేది. తెలియని ముఖం ఎదురయ్యేసరికి, కొన్నాళ్ళ కిందటి నేను ఎలా నిలబడిపోయేదాన్నో అలాగే నిలబడిపోయింది. చిన్నమ్మ పెన్సిల్ గాల్లో ఉంది. తాత గొంతు సవరించుకున్నాడు.

నేను వెళ్ళి ఆ పిల్ల భుజం మీంచి తొంగిచూశాను. ముచ్చిక కనబడింది, మిస్. దాని వెనకే ఇంకో ముచ్చిక, ఇంటర్. తోక నాకు చుట్టంలాంటిదే, షన్. మధ్యలో మిగిలింది చిన్న ముక్క.

"మిస్" అన్నాను. "ఇన్. టర్. ప్రి. టే. షన్."

పెన్సిల్ కదిలింది. మిస్‌ఇంటర్‌ప్రిటేషన్. దాని అర్థం, ఒకరి మనసులో ఉన్నదాన్ని తప్పుగా తీసుకోవడం అని నాకు అప్పుడు తెలియదు. తెలిస్తే గొంతు అంత గట్టిగా వచ్చేది కాదేమో.

పాఠం ముగిసింది. నేను గడియారం కోసం చెయ్యి చాపి నిలబడ్డాను. ఆ పిల్ల గడియారం విప్పలేదు. నా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆ వేసవంతా మా ఇంట్లో అద్దంలో చూసిందే.

"అత్తా," అంది, ఏడుపు ఆపుకుంటూ, "దీనికి ఏదో నేర్పించినారు మీరు. నాకెందుకు నేర్పించలేదు? పెరట్లోకి దాన్ని మాత్రమే తీసుకుపోతారు. నన్ను ఒక్కరోజైనా పిలిచినారా?"

చిన్నమ్మ పెన్సిల్ కింద పెట్టింది. ఆమెకు అది తట్టనే లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. "నీకు అన్నీ వచ్చు కదా బంగారూ, నీకెందుకులే అనుకుంటి" అంది. అని, నా చాపిన చేతిని, ఆ పిల్ల గడియారం చేతిని మార్చి మార్చి చూసింది. నాకు కన్ను కుడుతున్న సంగతి ఆమెకు ముందే తెలుసు. రెండో కన్ను కూడా ఇంట్లోనే ఉందని ఆ క్షణంలో తెలిసినట్టుంది.

"ఆ స్టూలు తీసేసి బల్ల వేయండి. ఇద్దురూ కూర్చోండి" అంది. "బంగారూ, నువ్వు పరిగెత్తు. అది ఆగినచోట, పాపా, నువ్వు కొయ్యి."

"గడియారం?" అన్నాను. ముఖ్యమైన విషయాలు ముందే తేల్చుకోవాలి.

చిన్నమ్మ గడియారం విప్పించి, పుస్తకం పక్కన, మా ఇద్దరి మధ్య పెట్టింది. పరీక్ష దాకా మా డిక్టేషన్ అలాగే నడిచింది. బాగానే నడిచిందని ఒప్పుకోక తప్పదు. తాత మాత్రం, "జోడెద్దులు కట్టినట్టుండాది" అన్నాడు. ఇద్దరమూ నొచ్చుకున్నాం.

ఆ సంగతేదో ఆ పిల్లకు కూడా నేర్పమని చిన్నమ్మ నాకే పని పెట్టింది. నాకున్న ఒకే ఒక్క ఆస్తి అది. నేర్పాను. టెంకల సంగతి మొత్తం చెప్పాను. ముచ్చికలూ తోకలూ మాత్రం రేపు చెబుతానన్నాను. మరునాడు కూడా రేపే అన్నాను. అలా రేపులు గడుస్తుండగానే చిన్నమ్మ పరీక్ష రాసి వచ్చింది, ఆ పిల్ల ప్రయాణం వచ్చింది.

బస్టాండులో బెంగుళూరు బస్సు కిటికీ దగ్గర కూర్చుంది, మళ్ళీ సాక్సులతో. తీసుకుపోను వచ్చిన మామ నీళ్ళ సీసా నింపుకురావడానికి పోయాడు. ఆ పిల్ల కిటికీలోంచి వంగి, "నీకేంలే, నువ్వు ఇక్కడే ఉంటావు. అత్త నీకు రోజూ ఉంటుంది" అంది. సన్నగా, ఎవరికీ వినబడకుండా అంది. నేను బస్సు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను. మామ ఎక్కాడు. బస్సు కదిలింది.

అప్పుడు నాకేమైందో తెలియదు. బస్సు పక్కనే పరిగెత్తాను. "ముందు ముచ్చిక తియ్యాల! అన్, డిస్, మిస్! తరవాత తోక! షన్, మెంట్, ఏబుల్! మధ్యలో చిన్న మాటే ఉంటాది!" అని అరిచాను. ఆ పిల్ల తల బయటపెట్టి, ఒక్కోటీ తిరిగి అరిచింది. కండక్టరు విజిల్ వేయడం మాని మా ఇద్దరినీ చూశాడు. బస్టాండులో జనం, ఊరగాయ ఎలా పెట్టాలో చెబుతున్నాననుకుని ఉంటారు.

చిన్నమ్మ పాసయింది. అందరికంటే ఎక్కువ గెంతింది నేనే. పాసయితే ఉద్యోగం తిరుపతిలో వస్తుందనీ, తిరుపతిలో ఉద్యోగం వస్తే ఆమె తిరుపతిలో ఉంటుందనీ నాకు విడివిడిగా తెలుసు. రెండూ కలిపి చదవలేదు. ఆమె ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కుతున్నప్పుడు గాని కలిపి చదవలేదు. తాత తన గడియారం ఆమెకే ఇచ్చేశాడు. ఇంట్లో ఆ స్టూలు మిగిలింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చోవచ్చు, పోటీ ఎవరూ లేరు.

నేను టెంకలు పీకిన ముక్కల్ని అవ్వ పారేయలేదు. వేరే జాడీలో ఊరబెట్టి, ముందుగా నాకే వడ్డించింది. ఆమె చెప్పినట్టే, చెయ్యి పెడితే గుజ్జు తప్ప ముక్క తగల్లేదు. పెద్ద జాడీలోది మాత్రం మళ్ళీ వేసవి దాకా, పంటి కింద కరకరలాడుతూ గట్టిగా ఉంది.

డిగ్రీలో నాకు జంతుశాస్త్రం వచ్చింది. అందులో జంతువుల కంటే వాటి పేర్లు పొడుగు. తోటి పిల్లలు బెదిరిపోయారు. నేను ముచ్చిక తీసి, తోక కొట్టి, టెంకకొక ముక్కగా కోసి, ఆ చదువుతోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మాటలే కాదు, తలకు మించిన పని ఏది ఎదురైనా ముందు ఆ బట్టలుతికే బండే గుర్తొస్తుంది. కొన్ని పనులకు ఎంత వెతికినా టెంక దొరకదు. అవి వదిలేయదగ్గ పనులని అర్థం చేసుకున్నాను.

చిన్నమ్మ ఇప్పుడు తిరుపతిలో ఉంది, చూపు బాగా తగ్గింది. వారం వారం చిత్తూరు నుంచి బస్సులో వెళ్ళి, ఆమె మాత్రల అట్టల మీద పేర్లు చదివి, ఏది ఏ పూటకో డబ్బాల్లో సర్దుతాను. ఆ పేర్లు చూస్తే జంతువులే నయమనిపిస్తుంది. ఆమె కళ్ళు మూసుకుని వింటూ, దుప్పటి మీద వేలితో ఏవో కొక్కేలు గీస్తూ ఉంటుంది. పోయిన వారం వెళ్ళేసరికి డబ్బాలన్నీ సర్ది ఉన్నాయి.

"నువ్వొచ్చేదాకా ఎందుకులే అని, పొద్దున్నే బెంగుళూరు నుంచి అది వీడియో ఫోన్లో అట్టలు చూసి చదివి, నా చేత సర్దించేసింది పాపా" అంది చిన్నమ్మ. "అటోర్వాస్టాటిన్ అంట. ఎంత బాగా కోసి కోసి చెప్పిందో! ఆ పొడుగు పేర్లకు కూడా తోకలుంటాయంట, స్టాటిన్ అని వస్తే కొవ్వు మాత్రంట."

నేను చాలా బాగుందన్నాను. ఆ రోజు బస్సు ఇంకొంచెం వేగంగా వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. తరవాత, ఆ బెంగుళూరు మనిషి సర్దించిన డబ్బాలన్నీ మంచం మీద కుమ్మరించి, మొదటి అట్ట చేతికి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. చిన్నమ్మ కళ్ళు మూసుకుని, వేలు దుప్పటి మీద పెట్టింది.

టెంక లేని ముక్క మూన్నాళ్ళకే గుజ్జయిపోతుందని మా అవ్వ అంది. ఇన్నేళ్ళు గడిచినా నా కుళ్ళు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది. లోపల టెంక ఏదో ఉన్నట్టే.